కర్నూలు ఇంటి పన్ను: నోటీసులో అంకె ఎక్కడ పుడుతుంది, కట్టిన డబ్బు ఎక్కడికి పోతుంది

క్లుప్తంగా

నగరపాలక సంస్థ బడ్జెట్‌లో కనిపించే మొత్తంలో చాలా భాగం పథకాల పేరు మీద వచ్చే డబ్బు. దాంతో పైపులైను వేయొచ్చు గానీ, ఆ పైపులో రోజూ నీళ్లు పారించే ఖర్చు చాలావరకు సంస్థ సొంత ఆదాయం నుంచే రావాలి. ఆ ఆదాయానికి వెన్నెముక ఇంటి పన్ను. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఈ పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నారు. ఈ మార్పుకు మూలం 2020లో కేంద్రం రాష్ట్రాల అప్పుకు పెట్టిన షరతు. ఏడాదికి 15 శాతం మించకూడదన్న పరిమితి వల్ల పెంపు ఒక్కసారిగా కాకుండా ఏళ్ల తరబడి విడతలుగా వచ్చి పడుతోంది.

మార్చి నెల రెండు వార్తలు

మార్చి వచ్చిందంటే కర్నూలులో రెండు వార్తలు పక్కపక్కనే కనిపిస్తాయి. నగరపాలక సంస్థ వందల కోట్ల బడ్జెట్‌కు ఆమోదం అన్నది ఒకటి. పన్ను బకాయిలు కట్టకపోతే కుళాయి కనెక్షన్ తీసేస్తాం అన్నది రెండోది. మొదటిది చదివినవారికి సంస్థ దగ్గర డబ్బుకు కొదవ లేదనిపిస్తుంది. రెండోది చదివినవారికి జీతాలకు కూడా కటకటగా ఉందనిపిస్తుంది. నిజానికి రెండూ సరైనవే. బడ్జెట్ పుస్తకంలోని పద్దులన్నీ ఒకే రకం డబ్బు కాకపోవడమే ఇందుకు కారణం.

పుస్తకంలో పెద్దది, చేతిలో చిన్నది

నగరపాలక సంస్థ బడ్జెట్ తెరిస్తే జమ వైపు ముందుగా ప్రారంభ నిల్వ, తర్వాత సాధారణ రాబడి, మూలధన రాబడి, చివరగా డిపాజిట్లు, అడ్వాన్సులు ఉంటాయి. పత్రికల్లో వచ్చే పెద్ద అంకె ఈ నాలుగూ కలిపినది. చివరి పద్దులో ఉండేది కాంట్రాక్టర్లు కట్టిన ధరావత్తు, బిల్లుల్లో కోత కోసి ప్రభుత్వానికి జమ చేయాల్సిన పన్నులు. అంటే ఒక చేత్తో వచ్చి మరో చేత్తో పోయే సొమ్ము. దాన్ని ఆదాయంగా చూడటానికి లేదు. అయినా మొత్తంలో కలుస్తుంది కాబట్టి బడ్జెట్ లావుగా కనిపిస్తుంది.

మూలధన రాబడిలో ఉండేవి ప్రధానంగా గ్రాంట్లు. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు, అమృత్ (పట్టణాల తాగునీరు, మురుగునీటి పనులకు కేంద్ర పథకం) వంటి పథకాల వాటాలు ఇక్కడికే వస్తాయి. వీటి మీద షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం కర్నూలు స్థాయి నగరాలకు, అంటే పది లక్షల లోపు జనాభా ఉన్నవాటికి, ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చంది గానీ జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదంది. అమృత్ రెండో దశలోనూ ఇదే తీరు. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న నగరాల్లో ప్రాజెక్టు ఖర్చులో మూడో వంతు కేంద్రం ఇస్తుంది. మిగతాది రాష్ట్రం, నగరం చూసుకోవాలి. కట్టాక నడిపే ఖర్చు పూర్తిగా నగరానిదే. గేదెను ఎవరో తోలిపెట్టినా గడ్డి మాత్రం ఇంటివాళ్లే వేయాలి.

గ్రాంట్లకు మరో స్వభావం ఉంది. బడ్జెట్లో అంచనాగా రాసుకున్న గ్రాంటు ఆ ఏడాది వస్తుందన్న హామీ లేదు. రాకపోతే సవరించిన అంచనాల్లో ఆ అంకె కుంగుతుంది. అదే పని మరుసటి ఏడాది అంచనాల్లో మళ్లీ తలెత్తుతుంది. ఒకే ట్యాంకు, ఒకే కాలువ వరుసగా రెండు మూడు బడ్జెట్లలో కనిపించడానికి అవినీతే కారణం కానక్కర్లేదు. చాలాసార్లు అది లెక్క రాసే పద్ధతిలోనే ఉన్న లోపం. ఆశను ఆదాయంగా రాసుకోవడం మన పురపాలికల్లో పాత అలవాటు.

ఇక సాధారణ రాబడి. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, కుళాయి చార్జీలు, దుకాణాల అద్దెలు, ట్రేడ్ లైసెన్సులు, భవన అనుమతుల ఫీజులు ఇందులోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ల మీద వసూలయ్యే 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీలో స్థానిక సంస్థ వాటా కూడా ఇక్కడే. వీటిలో అనుమతుల ఫీజులు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ స్థలాల వ్యాపారంతో పాటు ఎగిరి పడుతుంటాయి. ప్రకటనల పన్ను, వినోద పన్ను 2017లో జీఎస్టీతో స్థానిక సంస్థల చేతి నుంచి దాదాపుగా జారిపోయాయి. ఇలా ఒక్కొక్కటీ తప్పుకుంటూ పోతే ఏటా ఒకే తీరుగా వచ్చే, సంస్థే వసూలు చేసుకోగల పెద్ద ఆదాయం ఒక్కటే మిగులుతుంది. అదే ఇంటి పన్ను.

దేశం మొత్తానికీ ఇదే పరిస్థితి. రిజర్వ్ బ్యాంకు 2024 నవంబరులో విడుదల చేసిన పురపాలక ఆర్థిక నివేదిక ప్రకారం 2023-24లో మున్సిపల్ కార్పొరేషన్ల రెవెన్యూ రాబడి మొత్తం స్థూల దేశీయోత్పత్తిలో 0.6 శాతం. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా పన్నెండో షెడ్యూలులో పురపాలికలకు 18 అంశాలు ఉద్దేశించారు. ఆ పనులకు ఈ ఆదాయానికి పొంతన లేదు.

అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు

పాత పద్ధతిలో నగరాన్ని జోన్లుగా విడగొట్టేవారు. ఒక్కో జోన్‌లో ఏ రకం కట్టడానికి చదరపు మీటరుకు నెలకు ఎంత అద్దె వస్తుందో ఖరారు చేసి, పన్నెండు నెలలకు లెక్కగట్టి, కట్టడం వయసుకు తగ్గట్టు తరుగు తీసేసి, మిగిలిన వార్షిక అద్దె విలువ మీద పన్ను వేసేవారు. చట్టం ప్రకారం ఐదేళ్లకోసారి సవరించాలి. ఇళ్ల పన్ను సవరణ చాలాకాలం జరగలేదు. ఏ ప్రభుత్వమూ ఆ జోలికి పోవడానికి ఇష్టపడలేదు.

2020 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం పురపాలక చట్టాలను సవరించి ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఆ నవంబరులో జీవో 198 ద్వారా కొత్త నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం స్థలం విలువ, కట్టడం విలువ కలిపి ఆస్తి మూలధన విలువ. ఈ విలువలు రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోవి. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను. ఈ హద్దుల మధ్య తన రేటు ఎంతో నగరపాలక సంస్థ నిర్ణయించుకోవాలి. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి, యజమానే ఉంటున్నట్లయితే, ఏడాదికి 50 రూపాయలు.

ఒక ఊహాజనిత ఇంటి లెక్క చూస్తే ఈ యంత్రం ఎలా తిరుగుతుందో తెలుస్తుంది. రెండు సెంట్ల కంటే కాస్త ఎక్కువగా, నూరు చదరపు గజాల స్థలం. గజం ప్రభుత్వ విలువ 10,000 రూపాయలనుకుంటే స్థలం 10 లక్షలు. అందులో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, తరుగు పోను విలువ 8 లక్షలు అనుకుందాం. మొత్తం 18 లక్షలు. రేటు 0.12 శాతం అయితే ఏడాది పన్ను 2,160 రూపాయలు. అదే ఇంటికి కనిష్ఠ రేటు వేస్తే 1,800, గరిష్ఠ రేటు వేస్తే 9,000. నిబంధనల్లో ఉన్న ఈ ఐదు రెట్ల తేడాయే స్థానిక పాలకవర్గం చేతిలో మిగిలిన నిజమైన నిర్ణయాధికారం. కౌన్సిల్ సమావేశాల్లో దీని మీద జరగాల్సినంత చర్చ జరగదు.

ఇప్పుడు ఈ ఇంటి పాత పన్ను 1,200 అనుకుందాం. కొత్త లెక్కలో 2,160 రావాలి. ఒకేసారి 80 శాతం పెంచితే గొడవవుతుంది కాబట్టి ఏడాదికి 15 శాతం మించకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. మొదటి ఏడాది 1,380, రెండో ఏడాది 1,587, మూడో ఏడాది 1,825, నాలుగో ఏడాది 2,099, ఐదో ఏడాదికి గమ్యం 2,160. చాలామంది "ఏటా 15 శాతం పన్ను పెంచుతున్నారు" అనుకునేది దీన్నే. అది కొత్త నిర్ణయం కాదు, 2021లో ఖరారైన అంకెకు వేస్తున్న మెట్లు. పాత పన్నుకు, కొత్త పన్నుకు తేడా తక్కువున్న ఇల్లు రెండో మెట్టుకే ఆగిపోతుంది. కొత్త పన్ను పాతదానికి రెట్టింపు ఉంటే ఐదో మెట్టు మీదే ఆగుతుంది, ఎందుకంటే 15 శాతం చొప్పున ఐదుసార్లు పెరిగితే ఏ అంకైనా రెండింతలవుతుంది. పక్కపక్క ఇళ్లలో ఒకరికి పన్ను పెరుగుతూ, మరొకరికి నిలిచిపోవడం వెనుక ఉన్నది ఇదే. వార్డు సచివాలయాల్లో ఈ విషయం విడమరిచి చెప్పేవారుంటే సగం తగాదాలు తగ్గేవి.

అయితే గమ్యం కదలకుండా ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. రాష్ట్రంలో భూముల ప్రభుత్వ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. పై ఉదాహరణలో గజం విలువ 12,000కు చేరిందనుకుంటే స్థలం 12 లక్షలు, మొత్తం 20 లక్షలు. ఆ విలువనే లెక్కలోకి తీసుకుంటే అదే రేటుకు పన్ను 2,400. ఇల్లు మారలేదు, రేటు మారలేదు, నగరపాలక సంస్థ ఏ తీర్మానమూ చేయలేదు. రిజిస్ట్రేషన్ల ఆదాయం కోసం మరో శాఖ మార్చిన అంకె వల్ల ఇంటి పన్ను పెరిగే దారి తెరుచుకుంటుంది. ఆస్తి విలువ పద్ధతిలో ఇది కీలకమైన మలుపు.

భారం ఎవరి మీదికి జరిగింది

అద్దె మీద వేసే పన్ను, విలువ మీద వేసే పన్ను ఒకే ఇంటిని రెండు రకాలుగా చూస్తాయి. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల పాతబస్తీ సందుల్లో ఇళ్లు చిన్నవి, పాతవి. అద్దెకిస్తే పెద్దగా రాదు. కానీ బజారుకు ఆనుకుని ఉన్న స్థలానికి పుస్తక విలువ ఎక్కువగానే ఉంటుంది. అద్దె లెక్కలో తేలికగా తూగిన ఇల్లు విలువ లెక్కలో బరువెక్కుతుంది. కల్లూరు వైపు, నంద్యాల చెక్‌పోస్టు అవతల, కొత్త లేఅవుట్లలో ఇది తలకిందులవుతుంది. ఇల్లు పెద్దదే అయినా గజం విలువ తక్కువగా ఉన్నంతకాలం పన్ను మితంగానే ఉంటుంది. అపార్టుమెంట్లలో స్థలం విలువ అవిభాజ్య వాటా (ఉమ్మడి స్థలంలో ఒక్కో ఫ్లాటుకు వచ్చే భాగం) మేరకే పడుతుంది కాబట్టి, అదే విస్తీర్ణం ఉన్న సొంతింటి కంటే ఫ్లాటు పన్ను సాధారణంగా తక్కువ.

విలువ పెరిగినా చేతికి డబ్బు రాదన్నది ఈ పద్ధతి మీద ఉన్న ప్రధాన అభ్యంతరం. పింఛను మీద బతికే పెద్దాయన బుధవారపేటలో తాతల నాటి ఇంట్లో ఉంటే, ఆ స్థలం విలువ పెరగడం ఆయనకు కాగితం మీది సంపద మాత్రమే. అనుకూలంగా చెప్పే వాదన కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అద్దె విలువను బిల్ కలెక్టరు అంచనా వేసే చోట బేరసారాలకు తావుంటుంది. రిజిస్ట్రేషన్ విలువ అందరికీ కనిపించే అంకె. ముంబయి 2010లోనే ఆస్తి విలువకు మారింది. పక్కనే ఉన్న తెలంగాణ అద్దె విలువ పద్ధతిలోనే కొనసాగింది. తమిళనాడు పద్ధతి మార్చకుండా 2022లో రేట్లనే ఒక్కసారిగా గట్టిగా పెంచింది. ఆంధ్రప్రదేశ్ పద్ధతి మార్చి, పెంపును విడతలు చేసింది.

అప్పు కోసం వచ్చిన సంస్కరణ

ఈ మార్పు 2020లోనే ఎందుకు వచ్చిందో తెలియాలంటే కర్నూలు దాటి చూడాలి. కరోనా తొలి ఏడాది రాష్ట్రాల ఆదాయం పడిపోయినప్పుడు, 2020 మేలో కేంద్రం అప్పుల పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. అందులో ఒక శాతాన్ని నాలుగు సంస్కరణలకు ముడిపెట్టింది. ఒక్కో సంస్కరణకు పావు శాతం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార సులభతరం, విద్యుత్ పంపిణీ, నాలుగోది పట్టణ స్థానిక సంస్థలు. పట్టణాలకు సంబంధించిన షరతులో రెండు ముక్కలున్నాయి. ఇంటి పన్ను కనీస రేట్లు భూముల మార్గదర్శక విలువలకు, అంటే రిజిస్ట్రేషన్‌కు వాడే ప్రభుత్వ విలువలకు, అనుగుణంగా ఉండాలి. నీటి సరఫరా, డ్రైనేజీ, మురుగునీటి చార్జీలు ప్రస్తుత ఖర్చును, గత ద్రవ్యోల్బణాన్ని ప్రతిబింబించాలి. రెండింటినీ ధరలతో పాటు ఎప్పటికప్పుడు పెంచే ఏర్పాటు ఉండాలి.

పట్టణ సంస్కరణను ముందుగా పూర్తిచేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు 2021 జనవరిలో అనుమతి దొరికింది. ఆ అప్పు రాష్ట్ర ఖజానాది. దాని కోసం మారిన పన్ను నగరాల ప్రజలది. తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా ఇదే మేకును బిగించింది. పురపాలికలకు గ్రాంటు రావాలంటే రాష్ట్రం ముందు ఇంటి పన్ను కనీస రేట్లు ప్రకటించాలి, ఆపై వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధితో సమానంగా పెరుగుతూ ఉండాలి. కాబట్టి ఎవరైనా ఇంటి పన్ను పెంపు రద్దు చేస్తామంటే, ఆ హామీ వెనుక గ్రాంటు నష్టం లెక్క కూడా చెప్పాల్సి ఉంటుంది.

నోటీసులోని మిగతా గీతలు

డిమాండ్ నోటీసులో పన్ను ఒక్కటే ఉండదు. ఏడాదిని రెండు అర్ధ సంవత్సరాలుగా చూపిస్తారు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి మరొకటి. దాని కింద గ్రంథాలయ పన్ను, రూపాయికి 8 పైసలు. ఇది నగరపాలక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిన సొమ్ము. అనుమతికి మించి కట్టిన ఇళ్లకు అక్రమ నిర్మాణం పేరిట పన్నులో 25 నుంచి 100 శాతం దాకా జరిమానా ఉంటుంది. ఇంటి పన్ను అకస్మాత్తుగా రెట్టింపైందని లబోదిబోమనే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఈ గీతే. పైన ఒక అంతస్తు లేపి ప్లాను మార్పించుకోని ఇంటికి పన్ను, దాని మీద అంతే జరిమానా కలిసి వస్తాయి. ఇది ఒకసారి కట్టి వదిలించుకునేది కాదు, ఏటా వచ్చేది.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఏడాదికి 24 శాతం అన్నమాట. బ్యాంకులో ఇంటి రుణం కంటే రెండింతలకు పైన. దీనికి ఎదురుగా ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తం కట్టినవారికి 5 శాతం రాయితీ ఉంది. రెండూ కలిపి చూస్తే సకాలంలో కట్టేవాడికి లాభం, ఎగ్గొట్టేవాడికి నష్టం అన్న ఏర్పాటు. ఆచరణలో ఈ ఏర్పాటును మాఫీలు దెబ్బతీస్తాయి. 2025 మార్చిలో ప్రభుత్వం బకాయిల వడ్డీలో సగం మాఫీ ఇచ్చింది. అంతకుముందు ప్రభుత్వాలూ ఇలాంటివి ఇచ్చాయి. మాఫీ ప్రకటించిన పది రోజుల్లో వసూళ్లు ఊపందుకుంటాయి, ఆ ఏడాది లెక్క బాగుపడుతుంది. కానీ మళ్లీ మాఫీ వస్తుందన్న నమ్మకంతో మరుసటి ఏడాది కొందరు ఏప్రిల్ బదులు మార్చి దాకా ఆగుతారు. ఏప్రిల్‌లోనే కట్టేసినవాడికి దక్కేది 5 శాతం మాత్రమే. బకాయిల గుట్ట ఎందుకు కరగదన్న ప్రశ్నకు సమాధానంలో ఇది పెద్ద ముక్క.

బకాయిల్లో మరో రకం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలోని 285వ అధికరణం కింద పన్ను మినహాయింపు, సేవా రుసుము మాత్రం అడగవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఆ మినహాయింపు లేదు. 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న కర్నూలులో ప్రభుత్వ కట్టడాలకు కొరత లేదు. శాఖల బడ్జెట్లో పన్నుకు కేటాయింపు లేకపోతే ఆ బకాయి ఏళ్లకేళ్లు పేరుకుపోతుంది. కుళాయి కోసే హెచ్చరిక మాత్రం ప్రైవేటు ఇంటికే వెళ్తుంది.

నీళ్ల ఖర్చు

కర్నూలు తుంగభద్ర ఒడ్డున, హంద్రీ కలిసే చోట ఉంది. 2009 అక్టోబరు వరదలో సగం నగరం మునిగింది. అదే నగరం ఎండాకాలంలో నీళ్ల కోసం ఎదురుచూస్తుంది. నది ఎండితే పైన సుంకేసుల బ్యారేజీలో నిల్వే ఆధారం. దాని సామర్థ్యం 1.2 టీఎంసీలు, అందులో కేసీ (కర్నూలు-కడప) సాగునీటి కాలువ అవసరాలూ ఉన్నాయి. మునగాలపాడు దగ్గరి సమ్మర్ స్టోరేజీ ట్యాంకు కొంతకాలం ఆదుకుంటుంది. అది కూడా చాలకపోతే గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి హంద్రీలోకి నీళ్లు వదలాల్సి వస్తుంది. వదిలిన నీటిలో కొంత ఇసుకలోకి ఇంకిపోతుంది, కొంత మధ్యలో మోటార్లు లాగేస్తాయి. 2024 ఆగస్టులో హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడిదాకా కలవరం పుట్టడానికి కారణం ఈ గొలుసే.

ఈ గొలుసులో ప్రతి లంకె దగ్గర కరెంటు కాలుతుంది. నది నుంచి ఎత్తిపోయాలి, శుద్ధి చేయాలి, ట్యాంకులకు ఎక్కించాలి. పటిక, క్లోరిన్, మోటార్ల మరమ్మతు, లైన్‌మన్ల జీతాలు అదనం. వీటిలో ఏదీ ఇంటికి ఎన్ని బిందెలు చేరాయన్న దాన్ని బట్టి తగ్గదు. దారిలో లీకైన నీటికీ అంతే కరెంటు పడుతుంది. ఇళ్లకు ఎక్కువగా మీటర్లు లేవు. నెలకు ఇంత అని స్థిర చార్జీ. మీటరు లేకపోతే ఎక్కువ వాడినవాడికి, తక్కువ వాడినవాడికి ఒకే బిల్లు. అంతకంటే ముఖ్యం, ఎంత నీరు పోతోందో సంస్థకే కచ్చితంగా తెలియదు. ఎత్తుగా ఉన్న కాలనీలో చివరి ఇంటికి చుక్క రాకపోయినా చార్జీ మారదు. కట్టనని మొండికేసే వారి వాదన ఇక్కడి నుంచే వస్తుంది.

2020లో కేంద్రం పెట్టిన షరతు ప్రకారం నీటి చార్జీ నిర్వహణ ఖర్చుకు సరిపోవాలి. మీటర్లు పెట్టకుండా, లీకులు కొలవకుండా ఆ ఖర్చును చార్జీగా మారిస్తే సంస్థ అసమర్థత కూడా ధరలో కలిసిపోతుంది. సంస్కరణలో బలహీనమైన చోటు ఇదే. చార్జీ పెంచమని షరతు పెట్టడం సులువు, లీకు తగ్గించమని పెట్టడం కష్టం.

చెత్త చార్జీ ఏం చెప్పింది

యూజర్ చార్జీలకు, అంటే ఒక్కో సేవకు విడిగా వసూలు చేసే రుసుములకు, ప్రజలు ఎంతవరకు ఒప్పుకుంటారో చెత్త చార్జీ ఉదంతం చూపించింది. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు, చెత్త తీసుకెళ్లే వాహనాలు, బదులుగా కార్పొరేషన్లలో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా చార్జీ. అంకె చిన్నదే. కానీ ఏడాదికి 1,440 అవుతుంది. చాలా ఇళ్లకు అది ఇంటి పన్నుకు దగ్గరగా, కొన్నిటికి దాన్ని మించి ఉంది. వాహనం వచ్చిన వీధికీ రాని వీధికీ ఒకటే చార్జీ కావడం వ్యతిరేకతను పెంచింది. 2024 అక్టోబరు 2న, సరిగ్గా మూడేళ్లకు, కొత్త ప్రభుత్వం రద్దు ప్రకటించింది. తర్వాత చట్టాన్నీ సవరించారు.

చార్జీ పోయింది, ఖర్చు పోలేదు. చెత్త ఎత్తాలి, నగరం దాటించి గార్గేయపురం దాకా తీసుకెళ్లాలి, అక్కడి గుట్టను తగ్గించాలి. కార్మికుల జీతాలు, డీజిల్ నెలనెలా పడుతూనే ఉంటాయి. ఆ మొత్తం ఇప్పుడు సాధారణ నిధి మీదే, అంటే చివరికి ఇంటి పన్ను మీదే. పేరున్న చార్జీ కనబడితే కోపం వస్తుంది, పేరు లేకుండా పన్నులో కలిస్తే రాదు. రాజకీయంగా రెండోదే సుఖం.

కరెంటు బిల్లు వేరే లెక్క

ఇంటి పన్ను, కుళాయి చార్జీతో పాటు కరెంటు బిల్లును కూడా నగరపాలక సంస్థ ఖాతాలో వేసి తిట్టడం మామూలే. దానికి సంబంధం లేదు. కర్నూలు, అనంతపురం, కడపలకు కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్. ధరలు ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఆ మండలి కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. కరెంటు ధర పెరిగితే నగరపాలక సంస్థే పెద్ద బాధితుల్లో ఒకటి. పంపులకు, వీధి దీపాలకు అది కట్టే బిల్లు పెరుగుతుంది. ఇంట్లో కరెంటు బిల్లు పెరిగినప్పుడు అదే కారణంగా నీటి ఖర్చు కూడా పెరుగుతుందన్నమాట, అది వినియోగదారుడికి కనిపించేది కొన్నాళ్ల తర్వాత.

పొరుగు నగరాలు, పాలకవర్గం లేని కాలం

సీమలోని కర్నూలు, అనంతపురం, కడపలకు పన్ను నిబంధనలు ఒకటే. నీటి లెక్కే వేరు. అనంతపురం పెన్నహోబిలం రిజర్వాయరు నుంచి దూరం లాక్కోవాలి, కడప పెన్నా ఇసుకలోని బావుల మీద ఆధారపడుతుంది.

కర్నూలుకు ఇంకో ప్రత్యేకత ఉంది. 2014లో అనంతపురం, కడపలకు ఎన్నికలు జరిగాయి, కర్నూలుకు జరగలేదు. గ్రామాల విలీనం, వార్డుల విభజన చిక్కుల్లో పడి 2010 నుంచి 2021 దాకా ఇక్కడ ఎన్నికైన కౌన్సిల్ లేదు. 14వ ఆర్థిక సంఘం నిధులు సక్రమంగా ఏర్పడిన, అంటే ఎన్నికైన పాలకవర్గం ఉన్న, స్థానిక సంస్థలకే అన్న నిబంధన ఉన్న రోజులవి. 2021 మార్చిలో 52 డివిజన్లకు ఎన్నిక జరిగి పాలకవర్గం కొలువుదీరే నాటికి కొత్త పన్ను నిబంధనలు అప్పటికే జారీ అయి ఉన్నాయి. నగర చరిత్రలో పెద్ద పన్ను మార్పు ప్రజాప్రతినిధులు లేని గదిలోనే ఖరారైంది. కౌన్సిల్‌కు మిగిలింది ఆ హద్దుల మధ్య రేటు, అమలు, దాంతో వచ్చిన నింద.

డివిజన్ల పంపకంలోనూ చిక్కుంది. 33 కర్నూలు నియోజకవర్గంలో, 16 పాణ్యంలో, 3 కోడుమూరులో ఉన్నాయి. గ్రాంటు పనుల పంపకంలో ముగ్గురు శాసనసభ్యుల మాట చెల్లాలి. కల్లూరు వైపు వేసిన రోడ్డు, పాతబస్తీలో వేయని కాలువ బడ్జెట్ చర్చలో మళ్లీ మళ్లీ రావడానికి కొంత కారణం ఈ భూగోళమే.

ముందు ఏముంది

దగ్గర్లో మూడు విషయాలు నోటీసు మీది అంకెను కదిలించగలవు. 2021లో మొదలైన 15 శాతం మెట్లు చాలా ఇళ్లకు పూర్తవుతున్నాయి, కాబట్టి పెంపు కొంతకాలం నెమ్మదించాలి. 2025 భూమి విలువలను పన్ను లెక్కలోకి తెస్తే మళ్లీ కొత్త మెట్లు మొదలవుతాయి. 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి దాకానే, 2021 పాలకవర్గాల ఐదేళ్ల గడువు కూడా అదే నెల దాకానే. ఎన్నికలు ఆలస్యమైతే ప్రత్యేక అధికారి పాలనలో రేట్ల మీద అడిగే నాథుడుండడు.

పన్ను కట్టేవారు బడ్జెట్ పుస్తకంలో చూడాల్సిన చోటు మొదటి పేజీలోని మొత్తం కాదు. గత ఏడాది అసలు లెక్కల వరుసలో ఇంటి పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత అన్నది ఒకటి. కుళాయి చార్జీల రాబడి పక్కన నీటి విభాగం కరెంటు బిల్లు, నిర్వహణ ఖర్చు రెండోది. తన ఇంటి లెక్క మీద అనుమానం ఉన్నవారు స్థలం విలువ, ప్లింత్ ఏరియా (కట్టడం విస్తీర్ణం), కట్టడం వయసు, వేసిన రేటు అనే నాలుగు అంకెలు రాతపూర్వకంగా అడిగి, తప్పుంటే కమిషనరుకు రివిజన్ పిటిషన్ (లెక్క మళ్లీ చూడమనే అర్జీ) పెట్టుకోవచ్చు. తగాదాల్లో ఎక్కువ భాగం రేటు దగ్గర కాదు, ప్లింత్ ఏరియా కొలత దగ్గరే తేలతాయి.